ఎవరి చెక్కు తగ్గుతుంది?

లెక్కల పేజీ: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు. టీమ్ పనితీరు మీద అంకెలు బోలెడున్నాయి, పైవాళ్లు చూసి తల ఊపుతున్నారు, పైసా మాత్రం విదల్చడం లేదు. ఆ కోవలోవే ఏరి పెట్టాను. పొడుగు ఉత్తరాలను కాస్త కుదించాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మేడమ్, కొండాపూర్‌లో ఒక కంపెనీలో కస్టమర్ సపోర్ట్ టీమ్ లీడ్‌ని. నా కింద 24 మంది. నెలకు సుమారు 11,500 టికెట్లు (కస్టమర్లు చెప్పుకునే సమస్యలు) వస్తాయి. ఆర్నెల్లలో ఒక్కో టికెట్‌కు పట్టే సగటు సమయాన్ని 17 నిమిషాల నుంచి 15కి తెచ్చాం. అదే సమస్యతో మళ్లీ వచ్చే రిపీట్ టికెట్లు మాత్రం 13 శాతం నుంచి 18కి పెరిగాయి. పని పెరుగుతోంది కాబట్టి ఇద్దరు కొత్తవాళ్లు కావాలన్నాను. దాంతోపాటు, పాత జవాబుల్ని వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి అడిగాను. నెలకు 30,000, మొదట్లో సెటప్‌కు లక్షన్నర. డైరెక్టర్ గారు సోమవారం డాష్‌బోర్డ్ (మా అంకెలన్నీ ఒకచోట చూపించే తెర) చూసి ‘నంబర్లు బాగున్నాయ్, కీప్ ఇట్ అప్’ అన్నారు. రెండింట్లో ఏదీ ఇవ్వలేదు. ఈ అంకెల్ని ఆయనకు డబ్బు రూపంలో ఎలా చూపించాలి?

జవాబు: ముందు మీ డైరెక్టర్ గారి తరఫున ఒక మాట. పైన ‘పని వేగం పెరిగింది’ అని రాసి, కింద ‘మనుషులు చాలడం లేదు’ అంటే ఎవరైనా పై మాటే నమ్ముతారు. దానికి ఖర్చు లేదు కదా!

ఒక మనిషి ఖర్చు దగ్గర మొదలుపెట్టండి. జీతం వేరు, ఖర్చు వేరు. మీరు రాయలేదు గనుక నేనే అనుకుంటున్నాను: గ్రాస్ 32,000, అందులో బేసిక్ 16,000. కంపెనీ వాటా పీఎఫ్, 15,000 పరిమితి మీద 12 శాతం చొప్పున కడుతుంటే 1,800. గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టేది బేసిక్‌లో 4.81 శాతం, అంటే 770. (ఈ 4.81 ఎక్కణ్నుంచి వచ్చిందని నెలకొకరు అడుగుతారు. ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం, నెలకు 26 పనిదినాల లెక్కన. 15ను 26తో, వచ్చినదాన్ని 12తో భాగించి చూసుకోండి.) జీతం 21,000 దాటింది కాబట్టి ఈఎస్‌ఐ గొడవ లేదు. సీటు, క్యాబ్, ల్యాప్‌టాప్ తరుగుదల, గ్రూప్ ఇన్సూరెన్స్, లైసెన్సులు అన్నీ కలిపి 11,500 వేద్దాం. మొత్తం 46,000 చిల్లర. ఈ చివరి 11,500 మాత్రం మీ అంతట మీరు ఊహించి రాయకండి. ఫైనాన్స్ వాళ్ల దగ్గరికి వెళ్లి అడిగి తెచ్చుకోండి. రేపు మీటింగ్‌లో తామిచ్చిన అంకెను తామే కాదనలేరు.

నెలకు 22 రోజులు, రోజుకు 8 గంటలంటే 176. సెలవులు, ట్రైనింగ్, మీటింగులు, విరామాలు పోగా నిజంగా టికెట్ల మీద కూర్చునేది 120 గంటలు అనుకుందాం. టికెట్‌కు 15 నిమిషాలంటే నెలకు 480. అలా 24 మందికి 11,520 అవుతాయి, మీ 11,500కు సరిగ్గా అతుకుతోంది. 46,000ను 480తో భాగిస్తే టికెట్ ఒక్కింటికి 96 రూపాయలు. మీ డాష్‌బోర్డ్‌లో ఇన్నాళ్లూ లేని అంకె ఇదే.

ఇక మీరు సంబరంగా రాసిన ఆ రెండు నిమిషాల సంగతి. కస్టమర్ అదే సమస్యతో మళ్లీ వస్తే అది ఇంకో టికెట్‌గా లెక్కకొస్తుంది గానీ, తీరిన సమస్య ఒకటే. కాబట్టి సమయాన్ని టికెట్లతో కాకుండా తీరిన సమస్యలతో భాగించండి. అప్పట్లో నూటికి 87 కొత్త సమస్యలు: 17ను 0.87తో భాగిస్తే 19.5 నిమిషాలు. ఇప్పుడు 82: 15ను 0.82తో భాగిస్తే 18.3. మిగిలింది ఒకటింపావు నిమిషం. మీ వాళ్లు ఫోన్ త్వరగా పెట్టేయడం మొదలుపెట్టారని నా అనుమానం. పెట్టమని చెప్పింది మీరే, గడియారం చూపించి మరీ.

రిపీట్ టికెట్లు ఇప్పుడు నెలకు 2,070. ఒక్కోటి 96 చొప్పున దాదాపు రెండు లక్షలు. సాఫ్ట్‌వేర్ వస్తే రిపీట్లు 12 శాతానికి దిగుతాయని మీ ఆశ అనుకుందాం. అంటే 690 టికెట్లు తగ్గుతాయి, 96తో హెచ్చవేస్తే నెలకు 66,000, ఏడాదికి దాదాపు ఎనిమిది లక్షలు ఆదా! నూటికి తొంభై మంది ఇక్కడే ఆగి, ఈ ఎనిమిది లక్షల్ని పెద్దక్షరాల్లో స్లైడ్ మీద వేస్తారు. ఫైనాన్స్ వాళ్లు మర్యాదగా నవ్వుతారు.

బాలానగర్‌లో ఒక మెషిన్ షాపులో నేను కాస్ట్ అకౌంటెంట్‌గా చేరినప్పుడు మా జనరల్ మేనేజర్ ఒకాయన ఉండేవారు. ఏ ప్రపోజల్ పట్టుకెళ్లినా లోపల చదవకుండా కాగితం తిరగేసి, వెనకవైపు ఎర్ర పెన్సిల్‌తో రెండు ప్రశ్నలు రాసిచ్చేవారు: ‘ఎవరి చెక్కు తగ్గుతుంది? ఏ నెలలో?’ మేం నెలకు 200 మెషిన్ గంటలు ఆదా అంటే, ‘ఓవర్‌టైమ్ తగ్గిందా? బయటి జాబ్‌వర్క్ బిల్లు తగ్గిందా? రెండూ లేకపోతే ఆ గంటలు ఎక్కడికి పోయినట్టు?’ అనేవారు. గంటలు ఎక్కడికీ పోవు, క్యాంటీన్‌కు పోతాయి.

మీ 690 టికెట్లు తగ్గినా ఆ 24 మందికీ ఒకటో తారీఖున జీతం పడుతుంది. కంపెనీ ఖాతా నుంచి ఒక్క రూపాయి తక్కువ వెళ్లదు. మరి చెక్కు ఎక్కడ తగ్గుతుంది? మీరు ఇంకా రాయని చెక్కులో. 690ను 480తో భాగిస్తే 1.44. అంటే మీరడిగిన ఇద్దరిలో ఒకరి పని నిక్కచ్చిగా తప్పుతుంది. మిగిలిన 0.44 మనిషిని లెక్కలో వేయకండి, ముప్పాతిక మనిషిని ఎవరూ ఉద్యోగంలోంచి తీయలేరు, పావు మనిషిని చేర్చుకోలేరు.

ఇప్పుడు ప్రపోజల్ మార్చండి. ఇద్దరిని తీసుకుంటే నెలకు 92,000. ఒకరిని తీసుకుని సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే 46,000, 30,000 కలిపి 76,000. నెలకు 16,000 మిగులు. సెటప్ లక్షన్నర తొమ్మిది పది నెలల్లో వెనక్కి వస్తుంది. మీరు ‘అది కావాలి, ఇది కూడా కావాలి’ అన్నారు. ఆయనకు ‘ఇదా, అదా’ అన్న ఎంపిక ఇస్తే నిర్ణయం తీసుకోక తప్పదు.

ఇంకొక్క లెక్క, దీన్ని వదలొద్దు. ఒక పోస్టు పని తప్పాలంటే కనీసం 480 టికెట్లు తగ్గాలి. అంటే రిపీట్లు 2,070 నుంచి 1,590కైనా దిగాలి. 1,700 దగ్గర ఆగిపోతే రిపోర్టులో బ్రహ్మాండంగా కనిపిస్తుంది, డబ్బు పరంగా మాత్రం నెలకు 30,000 బొక్క. అందుకని ముందు ఆరుగురికే సాఫ్ట్‌వేర్ ఇప్పించుకుని రెండు నెలలు నడపండి. ఆ ఆరుగురి రిపీట్లు కనీసం నాలుగో వంతు తగ్గకపోతే మీరే తిరిగి ఇచ్చేస్తామని ముందే కాగితం మీద రాసివ్వండి. తన ప్రపోజల్‌ను ఏ అంకె దగ్గర వదులుకుంటాడో చెప్పగల మనిషికి డబ్బు త్వరగా దొరుకుతుంది. ఏడాది ఒప్పందం మీద మాత్రం సంతకం పెట్టకండి, సేల్స్ అబ్బాయి ఎంత డిస్కౌంట్ ఆశ చూపించినా సరే.

మిగతా చార్టులన్నీ మీ టీమ్‌కు పనికొస్తాయి, మీ దగ్గరే ఉంచుకోండి. పైకి ఒక పేజీ చాలు.

ప్రశ్న: నమస్తే అమ్మా. మాదాపూర్‌లో ఒక ఐటీ సర్వీసెస్ కంపెనీలో హెచ్‌ఆర్ అనలిస్ట్‌ని. మా విభాగంలో 140 మంది ఇంజినీర్లు, సగటు సీటీసీ (మనిషి మీద కంపెనీకి ఏడాదికయ్యే ఖర్చు) 12 లక్షలు. నిరుడు 31 మంది మానేశారు. అట్రిషన్ (మానేసేవాళ్ల నిష్పత్తి) 22 శాతం అని చూపిస్తే మా హెడ్ ‘మార్కెట్లో అందరికీ అంతే ఉంది’ అని తేల్చేశారు. మానేయకుండా ఆపడానికి అందరికీ సీటీసీలో పది శాతం రిటెన్షన్ బోనస్ ఇద్దామన్నది నా సూచన. డబ్బు లెక్కలో దీన్ని ఎలా నిలబెట్టాలి?

జవాబు: నిలబెట్టలేరమ్మా, పడిపోతుంది. ఎందుకో చూద్దాం.

22 శాతం అన్నది సగటు. అందులో క్లయింటుకు బిల్లు వెళ్లే సీట్లోంచి లేచిపోయినవాళ్లు ఎందరు, బెంచి మీదా (ప్రాజెక్టు లేకుండా ఖాళీగా) లోపలి పనుల్లోనూ ఉన్నవాళ్లు ఎందరు? విడదీస్తే 19, 12 వచ్చాయనుకుందాం. ఆ 12 మందిలో కొందరు మానేసినందుకు మీ హెడ్ లోలోపల సంతోషించి ఉంటారు కూడా.

బిల్లు సీటు సంగతి చూడండి. క్లయింటు నెలకు 2.2 లక్షలు కడతాడు, మనిషికి లక్ష పోతుంది, 1.2 మిగులుతుంది. సీటు నెలన్నర ఖాళీగా ఉంటే పోయింది 1.8 లక్షలు. ఇక్కడే చాలామంది పొరపడేది: బిల్లు 3.3 లక్షలూ నష్టమే అని రాసేస్తారు. ఆ నెలన్నరా జీతం ఇవ్వలేదు కదా, దాన్ని తీసెయ్యాలి. తర్వాత కొత్తవాడు చేరి, మొదటి నెల పక్కన కూర్చుని నేర్చుకుంటాడు, క్లయింటు కట్టడు. ఈసారి జీతం ఇస్తున్నాం, బిల్లు లేదు, కాబట్టి 2.2 లక్షలూ నష్టమే. కన్సల్టెన్సీకి ఒక నెల జీతం, లక్ష. ఇంటర్వ్యూలు చేసిన సీనియర్ల సమయం, ఇతరాలు ఒక పాతిక వేలు. వెరసి 5.25 లక్షలు. అలాంటివాళ్లు 19 మంది, దాదాపు కోటి. బెంచి మీద సిద్ధంగా ఉన్నవాళ్లెవరైనా మర్నాడే ఆ సీట్లో కూర్చుని ఉంటే, ఆ పేర్లు ఇందులోంచి తీసేయండి. లేకపోతే ప్రాజెక్టులు నడిపే డెలివరీ వాళ్లు తీయిస్తారు, మీ పరువూ దాంతోపాటే పోతుంది.

‘22 శాతం’ అంటే మార్కెట్ కథ చెప్పిన హెడ్ గారు, ‘కోటి’ అంటే కుర్చీలో ముందుకు వంగుతారు. అయితే మీ బోనస్ ఎంత? తలకు 1.2 లక్షలు, 140 మందికి కోటీ అరవై ఎనిమిది లక్షలు. ఒక్కరు కూడా మానేయకపోయినా గిట్టదు. ఎటూ వెళ్లని వంద మందికి కూడా ‘ఉన్నందుకు’ డబ్బిస్తున్నారు మరి.

ఆ 19 మందీ ఎక్కడివాళ్లో చూడండి. పదకొండు మంది ఒకే రెండు నైట్ షిఫ్ట్ ప్రాజెక్టుల్లోంచి వెళ్లారనుకుందాం, అక్కడ మొత్తం 40 మంది. వాళ్లకే బోనస్ ఇస్తే 48 లక్షలు. 5.25తో భాగిస్తే 9 చిల్లర, అంటే పదకొండు మందిలో పదిమందిని ఆపగలిగితేనే గిట్టుబాటు. అయ్యే పని కాదు. అదే, ఇద్దరు మనుషుల్ని అదనంగా వేసి, నైట్ షిఫ్ట్ వారం మార్చి వారం కాకుండా మూడు వారాలకోసారి వచ్చేలా చేస్తే ఏడాదికి 24 లక్షలు. ఐదుగురు ఆగితే చాలు. ఎగ్జిట్ ఇంటర్వ్యూలో అందరూ ‘బెటర్ ఆపర్చునిటీ’ అనే రాస్తారు, దాన్ని పట్టుకుని ఏం చేయలేం. చిన్నపిల్లలున్న ఇంట్లో తెల్లవారుజామున నాలుగింటికి క్యాబ్ దిగేవాళ్లను నేరుగా అడగండి, ఐదుగురు ఆగుతారో లేదో వాళ్లే చెబుతారు. అడిగాకే ఈ 24 లక్షల కాగితం పైకి పంపండి.

ప్రశ్న: మేడమ్ గారూ, రాణిగంజ్‌లో పంపులు, మోటార్ల డీలర్‌షిప్ మాది. నలుగురు సేల్స్‌మెన్. మా అబ్బాయి కంప్యూటర్లో ఎవరెంత అమ్ముతున్నారో చార్టు తీశాడు. మొదటి అతను నెలకు 18 లక్షలు, నాలుగో అతను 9 లక్షలు. జీతం ఇద్దరికీ 25,000, పెట్రోల్ 5,000, అమ్మకం మీద ఒకటిన్నర శాతం ఇన్సెంటివ్. నాలుగో అతన్ని తీసేద్దామని అబ్బాయి అంటున్నాడు. బ్యాంకు ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) మాత్రం ఎప్పుడూ నిండే ఉంటోంది. మాకు ఉద్యమ్ (చిన్న సంస్థల రిజిస్ట్రేషన్) సర్టిఫికెట్ ఉంది, కొన్నవాళ్లు 45 రోజుల్లోగా డబ్బు కట్టాలన్న రూలు వాడుకోవచ్చా?

జవాబు: అబ్బాయి చార్టు తీయడం మంచిదే, ఇంకో రెండు గళ్లు కలపమనండి: ఎంత మార్జిన్‌కు అమ్మాడు, డబ్బు ఎన్నాళ్లకు వచ్చింది. మీరు రాయలేదు గానీ, ఓడీ నిండి ఉందన్న ఒక్క మాటతో నేను ఊహించగలను.

మొదటి అతను డిస్కౌంట్లు పోను 7 శాతానికి అమ్మి, మూడు నెలలకు వసూలు చేస్తున్నాడనుకోండి. మార్జిన్ 1,26,000. సరుకు ఖరీదు 16.74 లక్షలు మూడు నెలలు బయట ఉంది. ఓడీ వడ్డీ నెలకు ఒక శాతం చొప్పున 50,000 హరీ. ఇన్సెంటివ్ 27,000, జీతం పెట్రోల్ 30,000. మీ చేతికి మిగిలేది 19,000 కూడా పూర్తిగా ఉండదు. నాలుగో అతను 12 శాతానికి అమ్మి నెలలో వసూలు చేస్తుంటే: మార్జిన్ 1,08,000, వడ్డీ 8,000, ఇన్సెంటివ్ 13,500, జీతం పెట్రోల్ 30,000. మిగిలేది 56,500. సగం అమ్మి మూడు రెట్లు సంపాదించి పెడుతున్న మనిషిని తీసేసి, అబ్బాయి ఏ ఊరి బిజినెస్ చేద్దామనుకుంటున్నాడు?

మీ పుస్తకాల్లో అసలు అంకెలు వేసి చూసుకోండి, తారుమారైనా ఆశ్చర్యం లేదు. మొదటి అతన్ని కూడా తొందరపడి ఏమీ అనొద్దు. ఏడాది చివర పంపుల కంపెనీ ఇచ్చే టర్నోవర్ స్కీమ్ అతని 18 లక్షల వల్లే మీకు అందుతుండొచ్చు, ఆ డబ్బు కూడా అతని ఖాతాలోనే రాయాలి. ఇన్సెంటివ్ మాత్రం మార్చండి. బిల్లు కొట్టిన రోజు కాకుండా డబ్బు బ్యాంకులో పడ్డ రోజు ఇవ్వండి, అమ్మకం మీద కాకుండా మార్జిన్ మీద ఇవ్వండి. రెండు నెలలు మూతులు ముడుస్తారు. మూడో నెల నుంచి బకాయిల చిట్టా వాళ్లే జేబులో పెట్టుకుని తిరుగుతారు.

45 రోజుల సంగతి: 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం కింద ఆలస్యపు చెల్లింపుల రక్షణ తయారీదారులకు, సేవలు అందించేవాళ్లకు. 2021లో హోల్‌సేల్, రిటైల్ వ్యాపారులకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఇచ్చింది బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల వరకే. రాణిగంజ్‌లో సర్టిఫికెట్‌ను ఫ్రేము కట్టించి గల్లా వెనక తగిలించినవాళ్లు చాలామందే ఉన్నారు. దాన్ని చూపించి డీలరుగా మీరు అమ్మిన సరుకుకు వసూలు చేయలేరు. పంపుల రిపేరు, ఇన్‌స్టలేషన్ విడిగా చేసి, విడిగా బిల్లు ఇస్తుంటే ఆ భాగం గురించి మీ ఆడిటర్ గారిని అడగండి.

ప్రశ్న: మా అనలిటిక్స్ టీమ్ తయారుచేసిన సేల్స్ ఫోర్‌కాస్ట్ (అమ్మకాల అంచనా) మోడల్‌కు ఆర్‌ఓఐ (పెట్టుబడి మీద రాబడి) 340 శాతం అని పీపీటీలో పెట్టాను. మా ఫైనాన్స్ అధిపతి సీఎఫ్‌ఓ గారు గట్టిగా నవ్వారు. తప్పెక్కడ? (ఉప్పల్ నుంచి ఒక డేటా అనలిస్ట్)

జవాబు: హారంలో క్లౌడ్ బిల్లు ఒక్కటే పెట్టి ఉంటారు. ఆర్నెల్లు పనిచేసిన మీ జీతాలు ఎక్కడ? మిమ్మల్ని మీరు ఉచితంగా లెక్కేసుకుంటే మిగతావాళ్లూ అలాగే లెక్కేస్తారు. లవంలోంచి, మోడల్ లేకపోయినా వచ్చి ఉండే లాభం తీసేయండి. ఆ తర్వాత వచ్చినదాన్ని డూపాంట్ కంపెనీలో డొనాల్డ్‌సన్ బ్రౌన్ వందేళ్ల కిందటే చేసినట్టు రెండు ముక్కలు చేయండి: అమ్మకంలో మిగిలే శాతం ఒకటి, పెట్టిన ఆస్తి ఏడాదికి ఎన్నిసార్లు తిరిగి అమ్మకంగా మారిందన్నది రెండు. ఫోర్‌కాస్ట్ మోడల్ సాధారణంగా రెండోదాన్ని కదిలిస్తుంది, గోడౌన్‌లో నిల్వ తగ్గుతుంది. కాబట్టి ‘స్టాక్ 60 రోజుల నుంచి 52కు’ అని చెప్పి, ఆ ఎనిమిది రోజుల సరుకు విలువ ఎంతో, దాని మీద బ్యాంకు వడ్డీ ఎంతో రాయండి. 340 అన్న అంకె చెరిపేయండి, వడ్డీ అంకె చూసి ఎవరూ నవ్వరు.

ప్రశ్న: అమీర్‌పేటలో పవర్ బీఐ (అంకెల్ని చార్టులుగా చూపించే సాఫ్ట్‌వేర్) కోర్సు చేస్తున్నాను. ఫైనాన్స్ కూడా రావాలంటున్నారు. ఎంబీఏ చేయాలా?

జవాబు: ఇప్పుడే అంత డబ్బు పోయకండి. హైదరాబాద్‌లో మీకు ఉద్యోగం ఇవ్వగల లిస్టెడ్ ఐటీ కంపెనీ ఏదైనా ఒకటి ఎంచుకోండి. దాని వార్షిక నివేదిక కంపెనీ వెబ్‌సైట్‌లోనూ బీఎస్‌ఈ సైట్‌లోనూ ఉచితంగా దొరుకుతుంది. ముందున్న చైర్మన్ గారి ఫొటోలు, రంగురంగుల పేజీలు దాటి లాభనష్టాల పట్టిక దగ్గరికి వెళ్లండి. ‘ఎంప్లాయీ బెనిఫిట్స్ ఎక్స్‌పెన్స్’ అన్న వరుస సాధారణంగా ఖర్చులన్నింట్లోకీ పెద్దది. దాన్ని ఆదాయంతో భాగించండి. ఐదేళ్లకు చేసి, మీరు నేర్చుకుంటున్న పవర్ బీఐలోనే గీత గీయండి. గీత ఏ ఏడాది పైకి లేచిందో, ఆ ఏడాది ఏం జరిగిందని యాజమాన్యం రాసిందో అదే పుస్తకంలో వెతకండి. ఇంటర్వ్యూలో డాష్‌బోర్డ్ డిజైన్ గురించి అడిగినప్పుడు ఆ ఒక్క గీత చూపించి మాట్లాడండి. ఫీజు కట్టాలో వద్దో ఆ తర్వాత ఆలోచించుకోవచ్చు.